కంచె అమ్మినోడు రాని పంచాయితీ

మా కంప్యూటర్ సారు పోయారు. మొన్న పొద్దున ఆయన తమ్ముడు ఫోన్ చేసి, "మీ సారు లేడన్నా" అన్నాడు. నాకు మొదటి నుంచీ మాటలు తక్కువ. ఆయన గురించి రాసేవాళ్లు ఇంకెవరూ లేరని, ఊరి బడి చదువుతోనే నేను రాయడానికి కూర్చున్నాను.

తొంభైల చివర్లో నల్లగొండలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ. కంప్యూటర్ గది ఆయన చేతిలో ఉండేది. ఊడ్చి తాళం వేసేది నేను. మధ్యాహ్నం ఆ గది బయట కూర్చుని ఇద్దరం జొన్నరొట్టె తినేవాళ్లం. నా డబ్బాలోని వెల్లిపాయ కారం అంటే ఆయనకు ఇష్టం. నన్ను 'అన్నా' అని పిలిచేవారు. కాలేజీలో మిగతా అందరికీ నేను 'ఏయ్'ని.

ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పేవారు కాదు. వేళ్లకంటిన సుద్ద రాల్చుకుంటూ ఆలోచించేవారు. తెలియకపోతే తెలియదనేవారు. "తెల్వదు అనుడు సిగ్గు గాదన్నా. తెల్సి ఊకునుడే సిగ్గు" అని ఒకసారి నాతో అన్నారు.

ఆ గదిలో కంప్యూటర్లన్నీ తీగలతో ఒక పెద్ద మిషన్‌కు కలిపి ఉండేవి. పిల్లలు రాసిందంతా దాంట్లోనే నిలవ ఉండేది. ఒకరోజు పాఠం మధ్యలో సారు మూలనున్న కంప్యూటర్ ముందు కూర్చుని ఏదో కొట్టారు. కాసేపటికి పెద్ద మిషన్ కొయ్యబారిపోయింది. ఎవరు ఏ మీట నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. పిల్లలు చప్పట్లు కొట్టారు.

"నవ్వకుండ్రి" అన్నారు సారు. "ఇది దొంగతనం గాదు, ఏం ఎత్తుకపోరు. బోరింగు కాడ ఒక్కడే నిలబడి ఊకె కొట్టుకుంట ఎవ్వర్ని బిందె పెట్టనియ్యడు చూడు, గట్ల. మిషన్‌ను నడిపే ఆపరేటింగ్ సిస్టమ్‌లనే కంత ఉన్నది. అమ్మిన కంపెనీకి ఎరికే. కంత పూడ్సే మందు గూడ పంపింది. మనమే ఇంకా ఎయ్యలే."

"మరి మాకెందుకు చూపెడుతున్నరు సార్?" అన్నాడు వెనక బెంచీ అబ్బాయి.

"తెల్వనిదాన్ని ఎట్ల కాపాడుతవ్ రా?"

గది కొన్నాళ్లు మూస్తే అన్నిటికీ ఆ మందు వేస్తానని సారు కాలేజీ కరస్పాండెంట్‌ను అడిగారు. "నడుస్తాంది గదా. నడిచే బండిని ఎందుకు ఇప్పుతవ్? పరీక్షలు అయినంక చూద్దాం తీ" అన్నాడాయన.

ప్రాక్టికల్ పరీక్ష రోజు హైదరాబాద్ నుంచి ఎగ్జామినర్ వచ్చాడు. పిల్లలు రాసింది తెర మీద చూసి మార్కులు వేసుకుంటూ పోయాడు. చివరి బ్యాచ్ పని ఇంకా చూడనేలేదు, పెద్ద మిషన్ కొయ్యబారింది. సారు ఆపి మళ్లీ మొదలుపెట్టారు. మళ్లీ అంతే. అలా ఆపి మొదలుపెట్టడంలో పిల్లలు రాసిందంతా పోయింది. చూడనిదానికి మార్కులెలా వేస్తానని ఎగ్జామినర్ బస్సు వేళకు వెళ్లిపోయాడు.

ఆ బ్యాచ్‌లో మోత్కూర్ సైకిల్ మెకానిక్ కూతురు ఉంది. ఈ పరీక్ష గట్టెక్కితే హైదరాబాద్‌లో ఒక ఆఫీసులో ఉద్యోగం మాట్లాడి పెట్టారు. లేకపోతే చదువు చాలన్నాడు తండ్రి. అందరూ లేచి వెళ్లాక కూడా ఆ పిల్ల మీటల మీద వేళ్లుంచి కూర్చునే ఉంది. తాళం వేయాలి, లేవమ్మా అన్నాను. "ఇంకొక్క పారి చూస్త చాచా" అంది.

సారు చూపించినట్టే చేసింది వెనక బెంచీ అబ్బాయే. చదువుకోలేదు, పరీక్ష వాయిదా పడుతుందనుకున్నాడు.

మర్నాడు సారునూ ఆ అబ్బాయినీ కరస్పాండెంట్ తన గదికి పిలిపించాడు. చాయ్ ఇచ్చిన నన్ను ఎవరూ పొమ్మనలేదు, తలుపు దగ్గరే నిలబడ్డాను.

"నువ్వు చూపెట్టినవ్, వాడు చేసిండు. తప్పు నీదే" అన్నాడు కరస్పాండెంట్.

"చూపెట్టక ముందు గూడ కంత ఉన్నది సార్. పూడుద్దామని మిమ్ముల అడిగిన."

"అడిగితివి. గట్టిగ అడగకపోతివి."

సారు నా వైపు తిరిగారు. "అన్నా, మీ ఊర్లె పసులు చేన్ల పడితే ఏం జేస్తరు?"

అందరూ నన్నే చూశారు. "బందెలదొడ్డిల పెడ్తరు సార్. పసులోడు తప్పు పైసలు కట్టి ఇడిపిచ్చుకుంటడు. పెద్దమనుషులు కంచె గూడ చూస్తరు. కంత ఉంటే చేనోన్ని గూడ తిడ్తరు."

"పసులోడు ఈడ ఉన్నడు" అన్నారు సారు. "చేనోళ్లం మనిద్దరం ఉన్నం. కంచె అమ్మినోడు ఏడి? వాడు ఏ పంచాయితికీ రాడు."

"పిలువు మరి, చాయ్ తాగిపోతడు" అని కరస్పాండెంట్ నవ్వాడు.

తప్పు కాలేజీదని రాసిస్తేనే యూనివర్సిటీ మళ్లీ పరీక్ష పెడుతుంది. కాలేజీ పేరు పోతుందని కరస్పాండెంట్ ఒప్పుకోలేదు. సారు వేళ్ల సుద్ద రాల్చుకున్నారు. "గది నా చేతుల ఉన్నది. నా తప్పని రాసిస్త. పిల్లలకు పరీక్ష పెట్టియ్యుండ్రి" అన్నారు. ఆ అబ్బాయి ఏడ్చాడు. "ఏడుసుడు కాదు, ముందుగల చదువు" అన్నారు వాడితో. మరుసటి రోజు నుంచి ఆయనను రావద్దన్నారు.

పరీక్ష పెట్టారు, కానీ మరుసటి ఏడు, కింది తరగతి పిల్లలతో కలిపి. అప్పటికి ఆ ఉద్యోగం ఇంకెవరికో పోయింది. ఆ అమ్మాయి చదువు ఆగిపోయింది.

సారు తర్వాత లెక్కల ట్యూషన్లు చెప్పుకుని బతికారు. కంప్యూటర్ గదిలో మళ్లీ అడుగు పెట్టలేదు. తప్పు ఎవరిది అన్న మాట వస్తే పెద్దవాళ్లు ఎంతసేపైనా మాట్లాడగలరని నేను ఆ గదిలో చూశాను. 'నాది' అన్నది ఆయన ఒక్కరే. దానివల్ల ఆ పిల్లకు మేలు కాలేదు. అయినా నేను ఈనాటికీ ఆయనకు మనసులో దండం పెట్టుకుంటాను.

పరీక్ష చెడిన ఆ ఎండాకాలమే ఒక సాయంత్రం నన్ను తోడు తీసుకుని ఆయన మోత్కూర్ వెళ్లారు. మెకానిక్ ట్యూబును నీళ్ల తొట్టిలో వదిలేసి, చేతులు తుడుచుకుని స్టూలు వేశాడు. సారు కూర్చోలేదు. లోపల ఆ అమ్మాయి కుట్టు మిషన్ ముందు ఉంది. "తప్పు నాది బిడ్డా" అన్నారు. ఎంతైనా పాఠాలు చెప్పిన మనిషి, కంత సంగతి, కంపెనీ సంగతి, కాలేజీ సంగతి మొదలుపెట్టారు. ఆ పిల్ల చక్రం మీద అరచెయ్యి ఆనించి, మిషన్ ఆపి, అంతా విన్నది.

"ఎవరిది తప్పైతే నాకేంది సార్?" అంది. "నేను మంచిగనే రాసిన. అది ఎవ్వరు చూడలే."

"అట్లనకు బేటా" అన్నాడు తండ్రి. ఆమె తల వంచుకుని మళ్లీ కుట్టడం మొదలుపెట్టింది.

రోడ్డు మీదికి వచ్చాం. నల్లగొండ బస్సు వచ్చి ఆగింది. కండక్టర్ తలుపు పట్టుకుని, "వస్తరా, రారా? జల్ది చెప్పుండ్రి" అని అరిచాడు. సారు బస్సు వైపే చూస్తున్నారు, కాలు మాత్రం కదపలేదు. నేను చెయ్యి పట్టుకోబోయి ఆగిపోయాను. బస్సు వెళ్లిపోయింది. లేచిన దుమ్ము ఆయన కళ్లద్దాల మీద ఎర్రగా పేరుకుంది. ఆయన తుడుచుకోలేదు.