జల్‌పల్లి అనేదాకా

స్టీరింగ్ మీది మైకు బటన్ నొక్కగానే డ్యాష్‌బోర్డు స్క్రీన్ ‘టింగ్’మని మోగుతుంది. చెప్పు, వింటున్నాను అని దానర్థం. కాసేపు చూసి, మన నోట్లోంచి ఏమీ రాకపోతే, ఈసారి కాస్త దిగిన స్వరంలో మరోసారి మోగి ఊరుకుంటుంది. ఇక నీతో నాకు పనిలేదు అని దానర్థం. నిన్న పొద్దున సంతోష్‌నగర్‌లో సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఆ రెండు మోతలూ వెంటవెంటనే వినిపించాయి. వాటి మధ్య నేను చెప్పగలిగింది ‘జ’ ఒక్కటే. నాకు నవ్వొచ్చింది. నవ్వుతూనే పక్క సీటు వైపు చూశాను. అక్కడ ఎవరూ లేరు. ఆ సీట్లో కూర్చునే రూతమ్మ పోయి చాలా కాలమైంది, కానీ ఆ రెండో మోత వినబడితే నా తల ఇంకా అటే తిరుగుతుంది.

నాకు మాట పట్టేస్తుంది. గొంతులో మాట సిద్ధంగా ఉంటుంది, పెదవుల దాకా వస్తుంది, అక్కడ మొండికేస్తుంది. కార్వాన్‌లో నేను పెరిగిన గల్లీలో పిల్లలందరూ ‘నత్తోడా’ అనే పిలిచేవాళ్లు. ఆ మాట మీద నాకెంత కసి అంటే, దాన్ని చాలా ఏళ్లదాకా నా నోటితో పలకలేదు. అన్ని అక్షరాల్లోకీ ‘జ’ నాకు పరమ శత్రువు. మా అమ్మానాన్నలు ఏ ముహూర్తాన పెట్టారో గాని నా పేరు జంగయ్య. పెళ్లయ్యాక చిన్న జాగా కొనుక్కుని ఇల్లు కట్టుకున్నది జల్‌పల్లిలో. దేవుడికి నాతో పరాచికాలాడటం సరదా అనుకుంటాను. కాగితం మీద మాత్రం నాకు ఏ అడ్డూ లేదు, అందుకే ఇంత ధారాళంగా రాసుకుపోతున్నాను.

డ్రైవర్‌కి చేతులూ కాళ్లూ ఉంటే చాలనుకుని ఈ పనిలోకి వచ్చాను. తీరా చూస్తే డ్రైవర్ పనిలో సగం మాటలే. ఎక్కడున్నావని ఓనర్ ఫోన్‌లో అడిగితే, నేను జవాబు చెప్పేలోపు బండి ఆయన గుమ్మం ముందుకొచ్చేది. దారి అడగాలన్నా, పార్కింగ్ దగ్గర గొడవపడాలన్నా నోరుండాలి. నాకు పనులు నిలిచేవి కావు. అందుకని కొన్ని తెలివితేటలు నేర్చుకున్నాను. రాని మాట పక్కకు నెట్టి, వచ్చే మాట వాడటం. ఒక ట్రావెల్స్ ఆఫీసులో పేరడిగితే ‘ర’ తేలిగ్గా వస్తుంది కదా అని రాజు అన్నాను. అక్కడ పనిచేసినంత కాలం నేను రాజునే. జీతం తీసుకునేటప్పుడు ఒక్కోసారి నన్ను పిలిస్తే నాకే అర్థమయ్యేది కాదు.

అలాంటి రోజుల్లో మా ఆటో దోస్తు ఒకడు నన్ను రూతమ్మ ఇంటికి తీసుకెళ్లాడు. ఆమె టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరయ్యారు. భర్త లేరు. నలభై దాటాక డ్రైవింగ్ నేర్చుకుని కారు తనే నడుపుకున్న మనిషి. చూపు మందగించిందని డాక్టర్ వద్దనేసరికి డ్రైవర్ కోసం చూస్తున్నారు. నా లైసెన్సు ఆమె చేతిలోనే ఉంది. దాన్ని చూసి, టేబుల్ మీద బోర్లా పెట్టి, “పేరేంది బిడ్డా?” అని అడిగారు.

లైసెన్సు చూశాక రాజు అంటే కుదరదు. నా దవడ బిగుసుకుంది. మా దోస్తు అలవాటు కొద్దీ సాయానికొచ్చాడు. “అమ్మా, వీని పేరు...”

“నిన్ను అడగలే నాయనా. ఆయననే చెప్పనియ్యి.”

మామూలుగా జనం నా పెదవుల్ని చూస్తారు, లేదా జాలితో చూపు తిప్పుకుంటారు. కొందరు నా కోసం తలాడిస్తారు, మాటను బయటికి లాగుతున్నట్టు. ఆమె ఇవేవీ చేయలేదు. మామూలు మనిషితో మాట్లాడుతూ మధ్యలో ఆగినట్టు, నా కళ్లలోకే చూస్తూ కూర్చున్నారు. ఎప్పటికో నా పేరు బయటికొచ్చింది. “జంగయ్య. మంచిది. చాయ్ తాగుతవా?” అన్నారు. అంతే. ఆ చాయ్ తాగి కారు తాళాలు అందుకున్నాను.

ఆమె వెనక సీట్లో కూర్చునేవారు కాదు. నా పక్కనే, ముందు సీట్లో, కళ్లద్దాలు సర్దుకుంటూ కూర్చునేవారు. ఆ కారులో తన ఫోను కలిపితే మ్యాపు కనిపించే పెద్ద స్క్రీన్ కొత్తగా పెట్టించారు. నాకైతే అది వరంలా అనిపించింది. పాతబస్తీ గల్లీల్లో కిటికీ దింపి “భాయ్, ఇధర్ సే రాస్తా హై క్యా” అని ఎవర్నీ దారి అడగక్కర్లేదు. అదే చెబుతుంది, నేను తిప్పుతాను, ఇద్దరికీ గొడవ లేదు. అయితే రూతమ్మకు వేలితో అక్షరాలు కొట్టడం గిట్టేది కాదు. మైకు నొక్కి మాట్లాడాల్సిందే. ఒకసారి కార్వాన్ అన్నారు. అది కాసేపు వెతికి కార్లూ వ్యాన్లూ అమ్మే దుకాణాలన్నీ వరసగా చూపించింది.

“ఏందే పిల్లా, నేను గా ఊరి పేరు చెప్తే నువ్వు బేరం పెడ్తున్నవ్?” అని ఆమె దాన్ని మందలించారు. పిల్లా అనే పిలిచేవారు దాన్ని. కోపమొస్తే కూడా అదే పిలుపు.

ఒక మధ్యాహ్నం మందుల దుకాణం ముందు ఆగినప్పుడు ఆమె కళ్లలో చుక్కలు వేసుకుని, “ఇయ్యాల నువ్వే చెప్పు బిడ్డా. ముందు మీ ఇంటికి వోయి, నీ టిఫిన్ డబ్బా తీసుకొని పోదాం, మర్చిపోయినవ్ గదా” అన్నారు. దారి నాకు తెలిసినా ముందు స్క్రీన్‌కు చెప్పాల్సిందేనని ఆమె పట్టు, అందుకే ఎప్పటి తెలివే వాడబోయాను. మా ఇంటికి దగ్గరలో ఉన్నది, నా నోటికి అందేది పహాడీ షరీఫ్. అది చెప్పి అక్కణ్నుంచి నేనే పోవచ్చు. కానీ ఆ రోజు ఎందుకో, ఆమె కళ్లు మూసుకుని ఉన్నారన్న ధైర్యమో ఏమో, అసలు పేరే చెబుదామనిపించింది. మైకు నొక్కాను. “జ... జ...” అన్నాను. స్క్రీన్ సంబరపడిపోయి జాజ్ సంగీతం మొదలుపెట్టింది. బాకాలూ డప్పులూ కారంతా మోగిపోయాయి.

నా చెవులు వేడెక్కాయి. ఆపడానికి చెయ్యి చాపాను.

“ఉండనియ్యి. మంచిగనే వాయిస్తున్రు” అన్నారు రూతమ్మ కళ్లు మూసుకునే. ఆ పాట అయ్యేదాకా విన్నాం. తర్వాత నేను పహాడీ షరీఫ్ అన్నాను. ఆమె కళ్లు తెరిచి నా వైపు చూశారు. డబ్బా కోసం, మా ఇల్లు అక్కడే అన్నట్టు ఆ ఊరి దర్గా రోడ్డు మీదే బండి ఆపి, ఆమెను కారులోనే ఉంచి, ఇంటికి నడిచి వెళ్లొచ్చాను. ఇల్లు కాస్త దూరమే, చెమటలు పట్టాయి. అంత తిప్పలు ఒక్క మాట తప్పించుకోవడానికి.

ఆ తెలివికి శాస్తి కూడా జరిగింది. నాకు జ్వరమొచ్చి పనికి పోలేదు. మధ్యాహ్నం రూతమ్మ ఫోన్ చేశారు. “బిడ్డా, ఆటోల వచ్చిన. పహాడీ షరీఫ్ దర్గా కాడ ఉన్న. రెండు గల్లీలు తిరిగిన, జంగయ్య ఇల్లంటే ఎవలికి ఎర్కలేదంటున్రు. ఏడున్నది మీ ఇల్లు?”

ఎండాకాలం. ఆ వయసులో, ఆ చూపుతో, చేతిలో అన్నం క్యారియర్‌తో ఆమె ఆ గల్లీల్లో తిరిగారని తెలిసి నాకు ప్రాణం చివుక్కుమంది. మా ఆవిడ పక్కనే ఉంది, ఫోన్ ఇవ్వమని చెయ్యి చాపింది. ఇవ్వలేదు. ఎందుకివ్వలేదో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. ఫోన్ చెవికి ఆనించుకుని ‘జ’ దగ్గర కొట్టుకుంటూ నిలబడ్డాను. ఫోన్‌లో నాలాంటివాడు మనిషే కాదు. అవతలివాళ్లు “హలో, హలో” అని విసుక్కుని పెట్టేస్తారు.

“వినపడుతున్నది బిడ్డా నీ ఊపిరి. నిమ్మళంగ చెప్పు” అన్నారామె.

జల్‌పల్లి అన్నాను. ఆమె వెంటనే ఆటో అతనితో “జల్‌పల్లి పోనియ్యి” అనడం వినిపించింది.

మా ఇంట్లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, కొంగుతో మొహం తుడుచుకుంటూ, నన్ను ఒక్క మాట అనలేదు. నేనే దొంగలా తల వంచుకున్నాను. అప్పుడు చెప్పారు. “నేను కొత్తగ డ్యూటీల చేరినప్పుడు ఒక లైన్ వస్తుండె. నంబర్ చెప్పున్రి అంటే సప్పుడుండకపోయేది. మా సూపర్‌వైజరమ్మ కట్ చెయ్యి అనేది. నాకేమో ఊపిరి వినపడుతుండె. మనిషున్నడు గదా, ఎట్ల కొయ్యాలె? ఆగిన. మెల్లగ నంబర్ చెప్పిండు. రోజు గంతే. ఆయన ఎవలో, ఎందుకట్లనో నాకు తెల్వది.” క్యారియర్ మూత తీస్తూ, “గా స్క్రీన్ల పిల్లకు టైం కట్టి కూసోబెట్టిన్రు. అది కోస్తది. దాని నౌకరి గంతే. నువ్వు దానికి భయపడి ఊరి పేరు మార్చుకుంటవా?” అన్నారు.

ఆ రోజు తర్వాత నా మాట బాగుపడిందేమీ లేదు. ఇలాంటి కథల్లో చివరికి అందరికీ గడగడా మాటలొచ్చేస్తాయి, నాకు రాలేదు. కారులో ఆమె ఉన్నంతసేపూ మాత్రం నాకు తోచిన మాటే మాట్లాడాను, వచ్చే మాట వెతుక్కోలేదు. అదెంత సుఖమో ఏ అడ్డూ లేకుండా మాట్లాడేవాళ్లకు చెప్పినా తెలియదు. ఇబ్బందల్లా ఆమె ఎదురుగా లేనప్పుడే.

కొన్నాళ్లకు రూతమ్మ నల్లగొండలో చెల్లెలి దగ్గర ఉండిపోవాలనుకున్నారు. కారు అమ్మకానికి పెట్టారు. కార్వాన్‌లో పాల డెయిరీ నడిపే నర్సింగ్ సేటు చూడటానికొచ్చాడు. బండి నచ్చితే, డ్రైవర్ కూడా నచ్చితే ఇద్దర్నీ తీసుకెళ్తానని ముందే కబురు పెట్టాడు. ఇంట్లో మా ఆవిడ ఆ పొద్దున దేవుడికి దీపం పెట్టింది. నాకు ఈ పని తప్పితే మళ్లీ ఎక్కడో రాజునో రాములునో కావాలి.

సేటు మహా తొందర మనిషి. ఫోన్ చెవిన పెట్టుకునే కారు చుట్టూ తిరిగాడు. “ఏం సంగతి, బండిల ఏమన్న లొల్లి ఉన్నదా?” అని నన్నడిగాడు.

క్లచ్ అరిగిపోయింది, ప్లేటు మార్పించాలి. అది చెప్పబోయాను. “క... క...”

“కండిషన్ మంచిగున్నదా? ఠీకే” అన్నాడు సేటు, అటు తిరిగిపోతూ.

నేను రూతమ్మ వైపు చూశాను. ఆమె అరుగు మీద చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నారు. అంతా విన్నారు. ఒక్క మాట చెప్తే సరిపోయేది, చెప్పలేదు. తల కూడా ఎత్తలేదు. నిజం చెప్పొద్దూ, ఆ క్షణంలో ఆమె మీద నాకు పట్టరానంత కోపం వచ్చింది. ఇన్నాళ్లూ పక్కనే కూర్చుని ఇప్పుడు నన్ను నడిబజార్లో వదిలేశారు అనుకున్నాను. ఆ కోపంలోనే సేటుకు ఎదురెళ్లి నిలబడ్డాను.

“సేటూ, ఆగున్రి. నాకు న... న... నత్తి ఉన్నది. టైం పడ్తది. నా మాట నేనే చెప్త.”

చిన్నప్పటి నుంచీ ఊరందరి నోళ్లలో నానిన మాట, మొదటిసారి నా నోటితో అన్నాను. సేటు నన్ను ఎగాదిగా చూశాడు. ఫోన్‌లో అవతలివాళ్లతో మళ్లీ చేస్తానంటూ “ఫిర్ కర్తూం” అని పెట్టేశాడు. అటూ ఇటూ చూసి, అరుగు పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చున్నాడు. “చెప్పు భాయ్” అన్నాడు.

చెప్పాను. క్లచ్ సంగతి, వెనక టైర్ల సంగతి, నా పేరు, నా ఊరు. ఏదీ మార్చలేదు, ఏదీ వదల్లేదు. సేటు మధ్యలో రెండుసార్లు నోరు తెరిచి, మళ్లీ మూసుకున్నాడు.

అతను వెళ్లాక రూతమ్మ చిక్కుడుకాయల పళ్లెం పక్కకు జరిపి, “గంత సక్కగ చెప్పినవ్, క్లచ్ పేరు మీద నాకు ధర కోసిండు పో” అని నవ్వారు. నేనూ నవ్వబోయాను, ఏడుపొచ్చింది. నా ఏడుపు ఆగేదాకా కూడా ఆమె ఆగారు.

అన్నట్టే సేటు కారుతో పాటు నన్నూ పనిలోకి తీసుకున్నాడు. ఆమె పోయారన్న కబురు నల్లగొండ నుంచి వచ్చిన రోజు ఈ కారే ఇచ్చి నన్ను అక్కడికి పంపించాడు. ఇప్పటికీ ఎవరైనా కొత్తవాళ్లు బండెక్కితే, వాళ్లు తలుపు వేసుకోగానే ముందుగా నా నత్తి సంగతి చెబుతాను. కొందరు ఆగుతారు. కొందరు ఆగరు, నా మాట వాళ్లే పూర్తి చేసేస్తారు. అలాంటప్పుడు కాదండీ అని, మొదటి అక్షరం నుంచి మళ్లీ మొదలుపెడతాను.