తరవాణి గురించి నేను చెప్పిన మాట

ఈ ఉదయం రైల్వే ఊళ్లోని మలంచా పేటలో మా పక్కింటివారు తరవాణి కుండ మూత తీశారు. పులిసిన గంజి వాసన కిటికీలోంచి రాగానే ఎప్పటిలాగే సింహాచలం మావయ్య గుర్తొచ్చారు. ఆయన గురించి రాసేముందు తెలిసినదీ విన్నదీ వేరుచేయాలి. ఆయన రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా పనిచేసి రిటైరయ్యారు. క్వార్టర్లలో మాకు గోడ పక్క ఇల్లు. పాలు పడేవి కావు. అత్తయ్య పోయాక నీసు ముట్టలేదు. ఇవన్నీ నేను చూసినవి. సింహాద్రి అప్పన్నకు మొక్కుకుని మానేశారన్నది మాత్రం వినికిడి.

పదేళ్ల వయసులో, క్లాసులో నేనే పొడుగని ఆయన దగ్గర గొప్పలు పోయాను. "ఎవులు సెప్పినారు?" "అందరూ!" "అందరికాడా టేపుందేటి? గోడకానించి కొలిసి రా." కొలిస్తే మూడోదాన్ని. ఆయన పకపకా నవ్వి, "ఇప్పుడు మూడోదాన్నని దైర్నంగా సెప్పుకో గుంటా" అన్నారు. నేను సైన్సు చదవడానికి మూలం ఆ గోడేనని నా నమ్మకం.

జీవరసాయనశాస్త్రం చదివే రోజుల్లో ఒకసారి, "మావయ్యా, తరవాణిలో బి విటమిన్లుంటాయి" అన్నాను. అంతవరకూ అబద్ధం కాదు. కానీ బి విటమిన్లు అనేకం. వాటిలో బి12 ప్రధానంగా చేపలు, మాంసం, గుడ్లు, పాల నుంచి రావాలి. దానికి తరవాణిని నమ్ముకోలేం. ఆ సగం నేను చెప్పలేదు.

కొన్నేళ్ల తర్వాత మేమిద్దరం బజారులో నడుస్తుంటే వెనకనుంచి కూరగాయలమ్మే బెంగాలీ ఆమె "దాదా, చప్పల్!" అని కేకేసింది. మావయ్య ఎడమకాలికి చెప్పు లేదు. "ఎప్పుడు ఊడిపోనాదో! ఈ కాలు నాదేనేటి, అరువు తెచ్చినానా?" అని ఆయన నవ్వారు. నేను ఆయన్ను అక్కడే ఆపేశాను.

"ఎన్నాళ్లుగా ఇలా?"

"ఏడాదైనాదేమో. సీమలు పాకినట్టుంటాది. మొన్న కేంపులో సూసి రగతం దండిగా ఉందన్నారు. బి ఇటమినుకి రోజూ తరవాణి తాగతన్నాను కదే."

"అది చాలని ఎవరన్నారు?"

"నువ్వే కదే సెప్పినావు."

"మరి నా మాట కొలిచి చూడలేదేం మావయ్యా?"

"సదువుకున్న గుంటవి. నీ మాటకి కూడా టేపెట్టాలేటి?"

రక్తహీనత కనబడకుండానే బి12 లోపం నరాలను దెబ్బతీయగలదు. పరీక్షలో ఆయనకు బి12 బాగా తక్కువని తేలింది. డాక్టరు ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. ఆ నెలల్లో రోజూ పొద్దున్నే ఆయన్ను కళ్లు మూసుకోమని, రెండు కాళ్ల వేళ్లనూ దూదితో తాకేదాన్ని. "తగిలిందా?" "నీకేటి కావాల, తగిలిందనమంటావా?" "నిజం చెప్పండి." "అయితే తగల్లేదు." కుడికాలికి స్పర్శ తిరిగొచ్చింది. ఎడమకాలికి, ఆయన జ్వరంతో పోయే దాకా, రానేలేదు.

ఇప్పుడు ఎవరైనా ఫలానాది తినడం మంచిదేనా అని అడిగితే, ఏమేం మానేశారని ముందు అడుగుతాను. జవాబు చెప్పాక కూడా ఏ సగం మింగేశానోనని భయం వదలదు. ఒక ప్రశ్న మాత్రం మిగిలిపోయింది: నా మాటే లేకపోతే, తిమ్మిరి మొదలైన రోజే ఆయన డాక్టరు దగ్గరికి వెళ్లేవారా? అది ఆయనకొక్కరికే తెలుసు. దూది పట్టుకుని ఎదురుగా కూర్చున్న అన్ని ఉదయాల్లోనూ అడగలేకపోయాను. అడిగితే ఆయన నిజమే చెప్పేవారు.