మూడు వోల్టులు దాటిన బ్యాటరీ

పొద్దున పాలు స్టవ్ మీద పెట్టేముందు ఆవిడ వెనక గదిలోకి వెళ్లి ఒక సంఖ్య చదువుతుంది. నిన్నటి కంటే పెరిగి ఉంటే కూనిరాగం తీస్తూ వంటింట్లోకి వస్తుంది. పెరగకపోతే ఆ పూట కాఫీలో పంచదార పడిందో లేదో చెప్పలేం. చొక్కా గుండీ కన్నా కాస్త పెద్దదైన ఒక బ్యాటరీ వోల్టేజీ అది.

వీధిలో అందరికీ ఆవిడ హలో అత్త. ఉద్యోగమంతా టెలిఫోన్ ఎక్స్ఛేంజిలోనే చేసింది. ఎవరైనా గేటు తట్టినా, వెనక నుంచి పిలిచినా, పక్కింట్లో పిల్లి అరిచినా ఆవిడ నోట మొదట వచ్చే మాట "హలో". రిటైరయ్యాక ఆవిడకు రెండు పిచ్చులు పట్టుకున్నాయి. ఒకటి బాతుగుడ్లు పొదిగించడం. రెండోది అరచేతిలో పట్టే కంప్యూటర్ బోర్డు. ఆ రెండింటినీ ఒకే గదిలో కలిపేసింది.

గది మూలన పాత ఫ్రిజ్ డొల్ల ఉంటుంది. లోపల రెండు బల్బులు, ఒక నీళ్ల గిన్నె, నలభై గుడ్లు పట్టే ట్రే. తల్లి బాతు ముక్కుతో గుడ్లను దొర్లించినట్టు, ట్రే కింద ఉన్న మోటారు కొన్ని గంటలకోసారి ట్రేను ఒక పక్కకు వంచుతుంది. ఎప్పుడు వంచాలో బోర్డు చెబుతుంది. చివరి మూడు రోజులు మాత్రం గుడ్లను కదపకూడదు. లోపల పిల్ల బయటికి రావడానికి తల సర్దుకునే సమయమది. అప్పుడు కదిపితే దానికి దారి తెలియదు. కాబట్టి ఏ రోజు ఏ తేదీనో బోర్డుకు కచ్చితంగా తెలిసి ఉండాలి.

వెనక గదికి ఇంటర్నెట్ అందదు. ఫోనులాగా బయటివాళ్లను అడిగి టైము తెలుసుకునే వీలు ఆ బోర్డుకు లేదు. తన లోపలి గడియారాన్నే నమ్ముకోవాలి. కరెంటు పోయినప్పుడు ఆ గడియారాన్ని నడిపించేది గుండీ బ్యాటరీ.

పోయిన విడత గుడ్లు అక్కడే దెబ్బతిన్నాయి. హలో అత్త రెండు రోజులు చెల్లెలింటికి వెళ్లింది. కరెంటు పోయింది. ఇన్వర్టర్ అందుకునేలోపు బల్బులు ఒక్కసారి మిణుకుమన్నాయి, అంతే. కానీ ఆ మిణుకుకే బోర్డు ఆగి మళ్లీ మొదలైంది. మొదలయ్యేసరికి దాని తేదీ చాలా వెనక్కి పోయి ఉంది. పగలడానికి సిద్ధంగా ఉన్న గుడ్లను నిన్న పెట్టిన గుడ్లనుకుని వంచుతూ పోయింది. నలభైలో తొమ్మిది పిల్లలు బయటికొచ్చాయి.

ఆవిడ భర్త లారీ నడిపి రిటైరైన మనిషి. తీర్పు ఆయనే చెప్పాడు.

"మళ్లీ ఇట్లాగే అయిందంటే ఆ ఫ్రిజ్జు పాత సామాన్లవాడికి ఇచ్చేస్తా. ఈ గదిలో క్యారమ్ బోర్డు వేస్తా. నా స్నేహితులు వరండాలో దోమలకు రక్తదానం చేస్తున్నారు."

"ఆఖరి రోజుల్లో మోటారు వైరు పీకేస్తానని చెప్పిందెవరండీ?"

"నేనే. మర్చిపోయా. ఆట మంచి ఊపు మీదుంది."

గది చేజారకూడదంటే గడియారం తేదీ మర్చిపోకూడదు. ఎందుకు మర్చిపోయిందో తెలుసుకోవడానికి హలో అత్త బోర్డుకు తెర తగిలించి కూర్చుంది. బ్యాటరీ వోల్టేజీ ఎక్కడ కనిపిస్తుందో వెతికి పట్టుకుంది. బ్యాటరీ దాదాపు ఖాళీ. ఆవిడకు ఆశ్చర్యం వేసింది. అది ఛార్జింగ్ అయ్యే రకమేనని తెలిసి కొన్నది. ప్లగ్గులో ఉంటే ఫోనులాగా దానంతటదే నిండుతుందనుకుంది. నిండదు. ఛార్జింగ్ ఆపేసి ఉంచడమే ఆ బోర్డు పద్ధతి. కావాలంటే సెట్టింగుల్లో మనమే ఒక లైను రాసుకోవాలి.

"ఛార్జింగ్ బ్యాటరీ పెట్టుకోమంటారు, ఛార్జింగేమో ఆపేసి ఇస్తారు. ఎందుకు బాబూ?" అని బోర్డు అమ్మిన కుర్రాణ్ణి అడిగింది.

"ఏమో మేడమ్, వాళ్లిష్టం" అన్నాడతను.

ఆ జవాబు ఆవిడకు మింగుడుపడలేదు. అయినా లైను రాసింది: మూడు వోల్టుల వరకు నింపు, అక్కడ ఆపు. బోర్డును ఆపి మళ్లీ మొదలుపెట్టింది. సన్నగా కారే కుళాయి కింద బిందె పెట్టినట్టు బ్యాటరీ నిదానంగా నిండసాగింది. కొత్త గుడ్లు ట్రేలోకి చేరాయి. పొద్దున్నే సంఖ్య చదివే అలవాటు అప్పుడు మొదలైంది.

ఇంతలో కబురొచ్చింది. చెల్లెలికి కంటి ఆపరేషన్. సరిగ్గా గుడ్లు కదపకూడని రోజుల్లోనే. పక్కన ఉండక తప్పదు.

"నువ్వు వెళ్లిరా. ఈసారి వైరు పీకుతా" అన్నాడు భర్త.

ఆవిడ ఆయన మొహం వైపు చూసి, లోపలికెళ్లి సంఖ్య మరోసారి చదువుకుంది. రెండు పాయింట్ ఎనిమిది.

ఆ ఆదివారం తమ్ముడు భోజనానికొచ్చాడు. బజారులో రెండడుగుల వెడల్పు కొట్టు పెట్టుకుని చేతి గడియారాలు బాగుచేస్తాడు. జేబులో చిన్న మీటరు, స్క్రూడ్రైవరు లేకుండా పెళ్లికైనా వెళ్లడు. అన్నం తిని, "గుడ్లు చూసొస్తానక్కా" అని వెనక గదిలోకి వెళ్లాడు. కాసేపటికి చేతులు దులుపుకుంటూ వచ్చాడు.

మర్నాడు పొద్దున సంఖ్య మూడు పాయింట్ రెండు.

హలో అత్త సంతోషించబోయి ఆగిపోయింది. స్టవ్ దగ్గరికి వచ్చింది కానీ ధ్యాసంతా సంఖ్య మీదే ఉంది.

"పాలు పొంగుతున్నాయే!" అని అరిచాడు భర్త.

"హలో" అందావిడ.

మూడు దగ్గర ఆగిపోవాల్సిన కుళాయి అది. బిందెలో నీళ్లు మూడు దాటాయి. అంటే ఆ నీళ్లు కుళాయివి కావు. ముందు బోర్డు అబద్ధమాడుతోందని అనుమానించి తన మీటరు పెట్టి చూసింది. మీటరూ అదే చెప్పింది. బ్యాటరీని పైకి తీసి కిటికీ వెలుగులో పట్టుకుంది. తను కొన్న ఛార్జింగ్ రకం మీద ఎంఎల్ అని ఉండాలి. దీని మీద సీఆర్ అని ఉంది.

వెంటనే ఛార్జింగ్ లైను తీసేసింది. ఆ బ్యాటరీని పర్సులో వేసుకుని బజారుకు నడిచింది. తమ్ముడు కంటికి భూతద్దం బిగించుకుని ఎవరిదో గడియారం విప్పుతున్నాడు.

"ఒరేయ్, నిన్న నా బ్యాటరీ ముట్టుకున్నావా?"

"ముట్టుకోవడమేంటక్కా, మార్చేశా" అన్నాడు తల ఎత్తకుండానే. "నీ దాంట్లో రెండు పాయింట్ ఎనిమిదే ఉంది. అలాంటిది నా కొట్టుకొస్తే అయిపోయిందనే లెక్క. కొత్తది, మంచి కంపెనీది వేశా. నీకు చెప్పకుండా చేద్దామనుకున్నా. పోయినసారి అన్నం కూడా తినలేదంట కదా నువ్వు."

"నాది ఛార్జింగ్ అయ్యేదిరా."

"గుండీ బ్యాటరీకి ఛార్జింగా?" తమ్ముడు నవ్వాడు. "అయిపోతే పారేయాలి, కొత్తది వేయాలి. నాకు తెలిసింది అదే."

"సరే, నువ్వు వేసినదానికి కరెంటు ఎక్కిస్తే ఏమవుతుంది?"

అతని నవ్వు ఆగిపోయింది. భూతద్దం తీసి బల్ల మీద పెట్టాడు. "ఉబ్బుతుంది. కారుతుంది. ఒక్కోసారి పేలుతుంది కూడా. ఎక్కించావా ఏంటి?"

"రాత్రంతా ఆ లైను అలాగే ఉంది."

తమ్ముడు చేతిలోని స్క్రూడ్రైవరు కూడా కింద పెట్టేశాడు. ఆవిడకు మాత్రం నవ్వొచ్చింది. ఇన్నాళ్లూ మింగుడుపడని ప్రశ్నకు జవాబు ఎదురుగా స్టూలు మీద కూర్చుని ఉంది. "అందుకేరా వాళ్లు ఛార్జింగ్ ఆపేసి ఇచ్చేది! ఇంటింటా నీలాంటి తమ్ముడు ఉంటాడని వాళ్లకు తెలుసు."

"పోనీ, ఛార్జింగ్ ఆపేసి నాదే ఉంచుకో అక్కా."

"ఆ బోర్డు నీ చేతి గడియారంలాగా పొదుపరి కాదు, నెలల తరబడి ప్లగ్గు తీసేసి ఉంచితే దీన్ని తాగేస్తుంది. రేపు నేనే మర్చిపోయి లైను మళ్లీ రాస్తే? గుడ్ల పక్కన దాన్ని పెట్టి ఆసుపత్రిలో కూర్చోలేను. నాది ఎక్కడ పడేశావ్?"

తమ్ముడు బల్ల కింద నుంచి బిస్కెట్ డబ్బా తీశాడు. నిండా పాత బ్యాటరీలే. అన్నీ ఒక్కలాగే మెరుస్తున్నాయి. ఇద్దరూ పాత పేపరు పరిచి డబ్బా బోర్లించారు. గడియారం బెల్టు కోసం వచ్చిన పెద్దాయన కూడా కళ్లజోడు సవరించుకుని ఒక గుప్పెడు తన ముందుకు లాక్కున్నాడు. చివరికి ఎంఎల్ దొరికింది ఆయనకే.

"లాటరీ తగిలిందా అమ్మా?" అన్నాడు.

మీటరు పెడితే రెండు పాయింట్ ఒకటి. డబ్బాలో మిగతావాటికి రాసుకుని కొంత ఛార్జి పోయింది. తమ్ముడు ముఖం చిన్నబుచ్చుకున్నాడు. "ఊరెళ్లేలోపు నిండుతుందా అక్కా?"

"నువ్వు మా ఇంటికి భోజనానికి రాకుండా ఉంటే నిండుతుంది."

బ్యాటరీ తిరిగి చోటికి చేరింది. లైను తిరిగి చేరింది. మళ్లీ అదే సన్నటి ధార. బయల్దేరే పొద్దున సంఖ్య రెండు పాయింట్ ఆరు. చాలుతుందో లేదో సంఖ్య చెప్పదు. అందుకే బోర్డు ప్లగ్గు తనే పీకేసి, వంటింట్లో నిలబడి కాఫీ తాగి, వెళ్లి మళ్లీ పెట్టింది. తేదీ సరిగ్గానే ఉంది. అప్పుడు సంచీ చేతిలోకి తీసుకుంది.

మర్నాడు ఆసుపత్రి వరండాలో ఉండగా భర్త ఫోన్ చేశాడు.

"ఇప్పుడే కరెంటు పోయి వచ్చిందే."

"హలో! మోటారు?"

"కదల్లేదు. నేను ఇక్కడే ఉన్నా. మేం నలుగురం ఇక్కడే ఉన్నాం."

"నలుగురేంటి?"

"ఫ్రిజ్జు ముందే క్యారమ్ వేసుకున్నాం. కాపలా ఉండాలి కదా. ఇక్కడ దోమలు కూడా లేవు."

"వైరు పీకారా మరి?"

అవతల కాయిన్ పాకెట్‌లో పడిన చప్పుడు వినిపించింది.

"నీ బోర్డే ఆపేసిందే. నేను చూస్తున్నా కదా."

చెల్లెలి కంటి కట్టు విప్పాక హలో అత్త ఇంటికి తిరిగొచ్చింది. గేటు దగ్గరే కీచుమన్న అరుపులు వినిపించాయి. వెనక గదిలో క్యారమ్ బోర్డు గోడకు ఆనించి ఉంది. తమ్ముడు అట్టపెట్టె ముందు గొంతుక్కూర్చుని లెక్కపెడుతున్నాడు. పిల్లలు ఒకదాని మీదొకటి ఎక్కుతుంటే లెక్క తప్పి మళ్లీ మొదలుపెట్టాడు. ఆవిడ కూడా పక్కన కూర్చుంది.

నలభైలో ముప్పై మూడు.