సుజానా ఏడు దెబ్బలు

సుజానా చేతులు ఊరికే ఉండవు. కాఫీ పళ్లు కోసేటప్పుడు నడుముకు కట్టిన బుట్ట మీద, అరకు వెళ్లే జీపులో ముందు సీటు రేకు మీద, అన్నం ఉడుకుతుంటే గిన్నె మూత మీద ఆమె వేళ్లు ఆడుతూనే ఉంటాయి. ఊరి చర్చిలో డ్రమ్స్ వాయించేది ఆమే. నిరుడు అన్న ఆల్విన్ విశాఖ నుంచి ఫోన్లో ఒక ప్రోగ్రెసివ్ రాక్ ఆల్బమ్ ఎక్కించుకొచ్చాడు. మొదటి పాట వినగానే, "ఇది పాడైపోనాది అన్నయ్యా, ఒక దెబ్బ ఎగిరిపోతంది" అంది. పాట పాడైపోలేదు. ఎనిమిదో దెబ్బ కోసం ఆగకుండా ఏడుకే తిరిగి మొదలయ్యే తాళం అది. ఆ సంగతి తెలిశాక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని తోటంతా ఏడులోనే నడిచింది. "గుంటకి పిచ్చెక్కినాది" అని తల్లి లిదియా నవ్వేది.

మొన్న ఆదివారం ఆరాధనలో, ఆఖరి పాట మధ్యలో, ఆమె చేతులు అడక్కుండానే ఏడులోకి దూకేశాయి. జనం చప్పట్లు చెదిరిపోయాయి. పాస్టరు స్తెఫను పాట ఆపి, "ఏటమ్మా సేత్తన్నావు?" అన్నాడు. సుజానా చెవులు వేడెక్కాయి గానీ కర్రలు ఆగలేదు. వెనక చాప మీంచి లిదియా లేచి, థింసా నృత్యం ఆడేటప్పటిలాగే పక్కావిడ నడుము చుట్టూ చెయ్యి వేసింది. మొదట ఇద్దరూ తడబడ్డారు. తర్వాత ఏడో దెబ్బకి కాలు నేలకేసి కొట్టి, మళ్లీ మొదలెట్టారు. ఆడవాళ్లంతా ఒక్కొక్కరే వరుసలో కలిశారు. గచ్చు అదిరిపోతోంది. చాలాసేపటికి సుజానా కర్రలు దించబోతే, పాస్టరు తప్పు చోట చప్పట్లు కొడుతూనే అన్నాడు: "ఆపకమ్మా. నాకింకా దొరకలేదు."