ఎర్ర పీలిక కట్టిన సంచి

ఆరు నెలలుగా తీరం వెంట తిరుగుతూ వలలు బాగుచేసేవాళ్ల చేతులను ఫొటోలు తీస్తున్నాను. మొహాలు కాదు, చేతులే. ఈ మాట చెబితే సగంమంది జాలిపడతారు. మిగతా సగం కెమెరా ఎంతవుతుందని అడుగుతారు. ఆ రెండో సగంతోనే నా తంటా.

నా కెమెరా సంచి నల్లగా, నాలుగు జిప్పులతో ఉండేది. లోపల విలువైనదేదో ఉందని పసిపిల్లలకు కూడా తెలిసిపోతుంది. బాపట్లలో బస్సెక్కితే అందరి చూపూ దానిమీదే. లాడ్జి గదికి గడియ సరిగ్గా పడేది కాదు. అందుకని స్నానానికి వెళ్లినా దాన్ని వెంట తీసుకెళ్లి కొక్కేనికి తగిలించేవాణ్ణి. కెమెరాను దొంగల నుంచి కాపాడి ఆవిరికి అప్పగించానన్నమాట.

నేను తినే మెస్ నడిపే పిన్ని ఒకరోజు ఇక చూడలేకపోయింది.

"దొంగకి శుభలేఖ పంపినట్టుంది బాబూ నీ సంచి. ఇందులో పెట్టుకో" అని ఖాళీ బియ్యం సంచి ఒకటి నా ముందు పడేసింది. "మన వైపు బియ్యం సంచిని ఎవడు చూస్తాడు?"

నిజమే. కెమెరా, రెండు లెన్సులు, ఆరు నెలల ఫొటోలున్న హార్డ్ డిస్క్, అన్నిటినీ దుప్పటిలో చుట్టి అందులో పెట్టాను. వేషం పూర్తిగా కుదరాలని పిన్ని పాత చీర అంచు చించి, ఎర్ర పీలికతో మూతి కట్టాను. రైళ్లలో ఆడవాళ్ల సంచులకు అలా కట్టి ఉండటం చూశాను. అందానికనుకున్నాను.

బాపట్ల నుంచి తెనాలి వచ్చి రేపల్లె ప్యాసింజరు ఎక్కాను. ఎదురు సీటులో ఒక మామ్మ. కొల్లిపరలో కూతురింటి నుంచి బియ్యం తెచ్చుకుంటోంది. ఆవిడ సంచీ, నా సంచీ ఒకే సీటు కిందికి చేరాయి. భట్టిప్రోలులో ఆవిడ జనాన్ని తోసుకుంటూ తలుపు దాకా వెళ్లి వెనక్కి కేకేసింది.

"అబ్బాయ్, ఆ ఎర్ర గుడ్డ కట్టిన సంచి ఇలా అందుకో!"

అందుకున్నాను. ఒంటిచేత్తో.

"ఏంటి, అంత తేలిగ్గా ఎత్తేశావ్!"

"ఆ మాత్రం ఉండాలి మామ్మా" అని జబ్బ కొంచెం బిగించాను కూడా. కింద ఉన్న ఆటో అతను సంచిని భుజాన వేసుకున్నాడు. రైలు కదిలింది.

రేపల్లెలో నా సంచి లాగితే కదల్లేదు. ముడి విప్పాను. బియ్యం. అడుగున కెమెరా ఉందేమోనని మోచేతి దాకా చెయ్యి పెట్టి కెలికాను. ఏడుద్దామనుకున్నాను గాని, స్టేషన్లో బియ్యం సంచి ముందు కూర్చుని ఏడిస్తే ధర చూసి ఏడుస్తున్నాననుకుంటారు.

కెమెరా పోతే ఎప్పటికైనా మరొకటి వస్తుంది. ఆ చేతులు రావు. వాటిలో కొన్ని ఇప్పటికే వల ముట్టడం మానేశాయి. కెమెరా కార్డుల్లోంచి హార్డ్ డిస్కులోకి నకలు తీశాను కదా అని ధీమాగా ఉన్నవాణ్ణి, ఆ నకలునూ అదే సంచిలో పెట్టాను. ఇక ఆ సంచి దొరికేదాకా వెనక్కి తగ్గేది లేదనుకుని, మామ్మ బియ్యం ఒళ్లో పెట్టుకుని ఆటోలో భట్టిప్రోలు బయలుదేరాను.

స్టేషన్ దగ్గర నలుగురిని అడిగితే, సంచి మోసిన ఆటో అతనే దొరికాడు. "మీరేనా అండి ఆ వస్తాదు?" అన్నాడు. అప్పటికే ఊళ్లో పేరొచ్చేసింది.

మామ్మ అరుగుమీద నా సంచి ముందు పెట్టుకుని కూర్చుని ఉంది.

"లోపల ఏముందో చెప్పు ముందు."

"కెమెరా, రెండు లెన్సులు, నీలం దుప్పటి."

"దుప్పటికి చారలెన్ని?"

"కప్పుకుంటాను గాని లెక్కపెట్టను మామ్మా."

"సరే, కెమెరాలో ఏముంది?"

ఆన్ చేసి చూపించాను. ఒక్కొక్క ఫొటో దగ్గర ఆగి ఆగి చూసింది. "మొహాలేవి?" అంది. చేతులే తీస్తానన్నాను. తన చెయ్యి ముందుకు చాపింది. నాట్లు వేసి వేసి గోళ్లు నల్లబడిన చెయ్యి. మెల్లగా కెమెరా పైకెత్తాను.

"అది తర్వాత. ముందు నా బియ్యం ఇటు పెట్టు."

పెట్టాను. అప్పుడు చెప్పింది. "ఈ పీలిక ఊరికే కట్టుకోం అబ్బాయ్. ఇంటికో గుర్తు. మాది ఎరుపు. ఇంకొకళ్ల గుర్తు కట్టుకుని తిరిగితే నీ సామాను వాళ్లింటికే పోద్ది. నీ గుర్తేంటి?"

నాకు గుర్తంటూ లేదు. ఆవిడే లోపలి నుంచి ఆకుపచ్చ గుడ్డ ముక్క తెచ్చి కట్టింది.

వారం తిరక్కముందే తెనాలి వెళ్లి రెండో నకలు చేయించి, సంచికి దూరంగా ఎక్కడ దాచాలా అని ఆలోచించాను. మళ్లీ భట్టిప్రోలులోనే దిగాను. మామ్మ ఆ కొత్త హార్డ్ డిస్కును మూడు కవర్లలో చుట్టి బియ్యం డ్రమ్ములో మోచేతి దాకా దించింది.

"బియ్యం అడుగంటితే?" అన్నాను.

"ఆ లోపు మా అమ్మాయి ఇంకో సంచి పంపుద్దిలే. నీ పని నువ్వు చూసుకో."

చూసుకుంటున్నాను. ఎక్కడున్నా నెలకోసారి ఫోన్ చేసి ఎలా ఉన్నాయని అడుగుతాను. "పురుగు పట్టలా" అంటుంది. నా ఫొటోల గురించి ఇంతవరకూ ఎవరైనా చెప్పిన మంచి మాట అదొక్కటే. ఆకుపచ్చ పీలిక ముడి ఇంకోసారి బిగించి మళ్లీ రేవు దారి పడతాను.