రెండు విత్తనాలు, రెండు గీతలు

ఈ ఉదయం చోళ్ళ అంబలి, అదే మీరనే రాగి అంబలి, పొంగి పొయ్యి మీద ఒలికింది. ఆ మాడు వాసనకి అప్పలనరసమ్మ మేడమ్ గుర్తొచ్చారు. నిన్న ఫోనులో "అమ్మమ్మా, స్టాటిస్టిక్స్‌లో ఈ మెయిన్ ఎఫెక్టులూ ఇంటరాక్షనూ తలకెక్కడం లేదు" అన్నావు కదా చిట్టీ. వాటిని నాకు నేర్పింది ఆవిడే. తమ్ముడికి కూడా చదివి వినిపించు.

ఒడిశాలో కొల్నార దగ్గర విత్తనాల పరీక్షా క్షేత్రంలో నేను సహాయకురాలిని, పార్వతీపురం నుంచి వచ్చిన మేడమ్ మా అధికారి. కొప్పులో ఎప్పుడూ ఒక పెన్సిలు గుచ్చుకుని ఉండేవారు. కోపం వస్తే గొంతు పెంచరు, తగ్గిస్తారు. ఒక ఏడు రెండు రకాల చోళ్ళు వేశాం. ఊళ్ళలో ఎప్పటినుంచో ఉన్న పాతవి, పై ఆఫీసు నుంచి కొత్తగా వచ్చినవి. ఒక్కో రకాన్నీ పల్లంలో కొన్ని మడుల్లో, కొండవాలు మెట్టలో కొన్ని మడుల్లో వేశాం. తూచిన లెక్కలకి నేను సగటు కడితే కొత్త విత్తనం బాగా ముందుంది. ఆ సంబరంలో, సంతలో అడ్డాకులు అమ్మే సుమని అనే ఆమెకి చెప్పేశాను, విత్తడానికి దాచుకున్న పాతవి తినేయమని, ఈసారి కొత్తవి ఇస్తామని. సుమనికి ఉన్నది కొండవాలు పొలం చెక్క ఒక్కటే. విత్తడానికి ఇంకా ఎక్కువ రోజులు లేవు.

నాలుగు రోజుల తర్వాత కాగితం చూసి, సుమనికి నేను చెప్పింది విని మేడమ్ గొంతు తగ్గించారు.

"ఈ సగటు ఏ పొలంలో పండిందమ్మీ?"

"అన్ని మడులూ కలిపేను మేడమ్."

"అలగైతే సగం పల్లం, సగం మెట్ట ఉన్న పొలం. సుమనికి ఉందేటి అలాటిది?"

కొప్పులోంచి పెన్సిలు తీసి నా చేతికిచ్చారు. ఎడమవైపు పల్లం, కుడివైపు మెట్ట, ఎత్తు ఎంత ఉంటే దిగుబడి అంత. ఒక్కో విత్తనానికీ ఒక గీత గియ్యమన్నారు. కొత్తదాని గీత పల్లంలో చాలా ఎత్తున మొదలై, పాతదాన్ని దాటి, మెట్ట దగ్గర దాని కిందకి దిగిపోయింది. పల్లంలో వచ్చిన లాభం మెట్టలో నష్టాన్ని సగటులో కప్పేసింది. ఆ సగటుల తేడాయే నీ మెయిన్ ఎఫెక్టు చిట్టీ, గీతలు పక్కపక్కనే నడవకపోవడమే ఇంటరాక్షన్.

"గీతలు పక్కపక్కనే నడిస్తే విత్తనం సంగతి వేరే, నేల సంగతి వేరే సెప్పొచ్చు. ఇలగ దాటుకుంటే ఏ నేలో అడక్కుండా ఏ విత్తనం మంచిదో సెప్పకూడదు."

"ఊరికే అలా పడిందేమో మేడమ్?"

"మంచి మాట అడిగేవు. ఒకే నేల, ఒకే విత్తనం వేసినా మడికీ మడికీ తేడా ఉంటాది కదా? ఆ తేడా ముందు ఇది ఎంత పెద్దదో సూడు."

సాయంత్రం దాకా చూశాను. పెద్దదే.

వెంటనే జీపెక్కాం. సుమని గుమ్మంలో తిరగలి తిప్పుతోంది. పక్కన గంపలో విత్తనాల చోళ్ళు సగమే మిగిలి ఉన్నాయి. మేడమే చెబుతారనుకుని వెనక నిలబడ్డాను. ఆవిడ పక్కకి తప్పుకున్నారు.

"నువ్వు సెప్పిన మాట. నువ్వే ఎనక్కి తీసుకో."

చెప్పాను. సుమని తిరగలి ఆపి, సంతలో నేర్చుకున్న తెలుగులో నవ్వింది. "కొత్త గింజ కొండెక్కనేదని మీకు కాగితం సెప్పాలేటమ్మా? నన్నడిగితే సెప్పనా!" నవ్వు ఆగాక గంప వైపు చూసింది. "సదువుకున్నదానివని నమ్మీసేను."

మా క్షేత్రంలో పాత విత్తనం మిగల్లేదు, అరువు అడుగుదామంటే ఆ ఊళ్ళో అందరూ అప్పటికే విత్తేశారు. ఆ ఏడు సుమని చెక్కలో సగమే పచ్చబడింది. ఆ రోజు తిరిగొచ్చే దారిలో మేడమ్ నన్ను తిట్టలేదు. "రేపట్నుంచి సగటు కట్టే ముందు గీతలు గియ్యి" అని మాత్రం అన్నారు. వారం వారం సంతకి వెళ్తూ బస్సు కిటికీలోంచి ఆ రెండో సగాన్ని చూసేదాన్ని. అందుకే మీరు నన్ను ఏ సలహా అడిగినా ముందు నాలుగు ప్రశ్నలు వేస్తాను. విసుక్కోకండి. ఎర్రమట్టి కనిపిస్తూ ఉండిపోయిన ఆ సగం చెక్క ఇంకా నా కళ్ళలోనే ఉంది.