సముద్రానికి పెరటాసి లేదు

పెరటాసి రెండో శనివారం పొద్దున మా జువాలజీ మేడమ్ పోయారని కబురొచ్చింది. తెచ్చింది రజియా. వాళ్ళ నాయన గాజుల కొట్టు తలుపులు సగం తీసి సగం వదిలేసి, మా ఇంటి దాకా పరుగులాంటి నడకతో వచ్చి, గడప అవతలే నిలబడి, "మేడమ్ పోయినారే" అంది. నేను స్వామికి పెట్టే తళిగకు పిండి దీపాలు చేస్తున్నాను. చేతికి బియ్యప్పిండి అలాగే ఉండిపోయింది. ఇద్దరం కాసేపు ఏడ్చాం. ఏడుస్తూ ఏడుస్తూనే రజియా ముక్కు తుడుచుకుని, "పోయేదానికి గూడా పెరటాసి రెండో శనివారమే సూసుకొన్నారు సూడు" అంది. అంతే, ఇద్దరికీ నవ్వాగలేదు. చావు కబురు విని ఈ నవ్వేమిటని లోపలినుంచి మావాళ్ళు తొంగి చూశారు. ఆ నవ్వెందుకో చెప్పాలనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మేడమ్ పుట్టిందీ మెట్టిందీ కొండమీది స్వామి సేవలో ఉన్న వైష్ణవుల ఇళ్ళలో. మామగారు గుళ్ళో పారాయణం చేసేవారు. ఆ ఇంట్లోకి ఉల్లిపాయ కూడా అడుగు పెట్టేది కాదు. అటువంటి ఇంటి కోడలు, నుదుట సన్నటి శ్రీచూర్ణం గీతతో, మాకు చేపల పాఠం చెప్పేవారు. జన్మలో చేపముక్క నోట పెట్టలేదు. "తినని వస్తువు మీద ఇంత ఇష్టమేంది మేడమ్?" అని మేమడిగితే, "రుసి తెలిసినోళ్ళు ఊరంతా ఉండారు గదమ్మా. అది ఎప్పుడొస్తాదో, యాడికి పోతాదో, అది తెలిసినోళ్ళు ఎంతమంది ఉండారు?" అనేవారు.

లాబ్ బీరువాలో ఆవిడకు ఒక నేత చీర ఉండేది. మేము దాన్ని చేపల చీర అనేవాళ్ళం. పొద్దున రాగానే అది కట్టుకునేవారు, సాయంత్రం విప్పి మళ్ళీ బీరువాలో పెట్టేవారు. తర్వాత చింతపండుతో ఒకసారి, సున్నిపిండితో ఒకసారి చేతులు కడిగి, మా ముక్కుల దగ్గరికి చాపేవారు. "ఏమ్మా, మా మామగారు కనిపెడతారా?" లేదు మేడమ్ అంటే గానీ ఇంటికి బయలుదేరేవారు కాదు. రజియా మాత్రం ముక్కు ఎగబీల్చి, "కొంచెం ఉండాది మేడమ్" అని ఆవిడ చేత ఇంకోసారి కడిగించేది. వాసనా లేదు, పాడూ లేదు. ఏడిపించడం, అంతే.

ఇదంతా డెబ్బైల చివర మాట. తిరుపతిలో మా ఆడపిల్లల కాలేజీలో జువాలజీ కొత్తగా పెట్టారు. విశ్వవిద్యాలయం నుంచి పరిశీలకులు వచ్చి చూసి, సరే అంటేనే అది నిలుస్తుంది. కాదంటే మమ్మల్నందరినీ తీసుకుపోయి హోమ్ సైన్సులో కలుపుతారు. మా ఇళ్ళలో చాలామందికి ఆ ఏర్పాటే నచ్చింది కూడా. ప్రిన్సిపాల్ గారు ముందే చేతులెత్తేశారు. "మ్యూజియం లేదు, సముద్రం లేదు. కొండ కింద కూర్చొని చేపల గురించి ఏం చూపిస్తారమ్మా వాళ్ళకి?" అన్నారు. మేడమ్ తడుముకోలేదు. "సముద్రం రోజూ రైలెక్కి మన ఊరికే వస్తా ఉండాది మేడమ్. దాన్ని రాసి పెట్టుకొంటే సాలు" అన్నారు.

ఆవిడ అన్నది నిజమే. గూడూరు వైపు నుంచి వచ్చే రైల్లో ఐసు పోసిన బుట్టల్లో సముద్రపు చేపలు మార్కెట్టుకు దిగేవి. మేము వంతులేసుకుని వారం వారం వెళ్ళాలి. ఏ చేప వచ్చింది, ఎక్కువ వచ్చిందా తక్కువ వచ్చిందా చూడాలి. రకానికి కొన్ని తెచ్చి పొట్ట కోసి, గుడ్లున్నాయో లేదో చూసి, గోడమీది పెద్ద కాగితంలో గుర్తు పెట్టాలి. అడుగున నెలల పేర్లు, పైన వంకరటింకర గీత. ఒక ఏడాది తిరిగేసరికి మన తీరంలో ఏ చేప ఏ రుతువులో పెరుగుతుందో, ఎప్పుడు గుడ్లు పెడుతుందో ఆ గీతే చెబుతుందని మేడమ్ నమ్మకం. దానికి మేము పెట్టుకున్న పేరు చేపల పంచాంగం.

మొదటి వారం మా వంతు. మాలో ఒక్క రజియా తప్ప అందరం చేపల అంగళ్ళ ముందు ముక్కు మూసుకుని పరిగెత్తే బాపతే. ఆ రోజు రజియాకు జ్వరం. వెళ్ళి, నిలబడి, దూరంనుంచే వేలు చూపించి కొన్నాం. చేపలమ్మే ఆమె మా వాలకం చూసి జాలిపడింది. "పాపం, ఈ పిల్లోళ్ళకి కోసుకొనేది యాడ తెలస్తాది" అని పొలుసు గీకి, తల తీసి, పొట్ట శుభ్రం చేసి, కడిగి మరీ ఆకులో కట్టిచ్చింది. ఎంత మంచిదో అనుకుంటూ ఊరేగింపుగా తెచ్చి మేడమ్ బల్లమీద పెట్టాం. ఆవిడ ఆకు విప్పి, ఒక్కొక్కటే తిప్పి చూసి, మా మొహాలు చూశారు. "తల లేదు, పొలుసు లేదు, పొట్ట లేదు. పొట్టే గదమ్మా పుస్తకం! పుస్తకం పారేసి అట్ట తెచ్చినారు" అన్నారు. ఆ అట్టలు రజియా వాళ్ళింటికి పోయి పులుసయ్యాయి. పులుసు తాగి దాని జ్వరం కూడా తగ్గిందట.

ఆ తర్వాత పని కుదుటపడింది. నెత్తళ్ళు, కవళ్ళు, రిబ్బనులా పొడుగ్గా మెరిసే సావళ్ళు, ఈ చేపలన్నీ మాకు చుట్టాలైపోయాయి. ఊరగాయలు పెట్టుకునే గాజు సీసాల్లో వాటిని వేసి, కుళ్ళకుండా మందునీళ్ళు పోసి నెలవారీగా అరల్లో పేర్చాం. గోడమీద గీత పెరిగింది. అందులో ఒకచోట పెద్ద గుంత పడింది. పెరటాసి నెల. మా చిత్తూరు జిల్లాలో నెలలన్నీ తెలుగువే గానీ ఈ ఒక్కదాన్ని మాత్రం తమిళం పేరుతోనే పిలుస్తాం. స్వామి నెల. వానలు పూర్తిగా దిగకముందు, దసరా దగ్గరి రోజులు. ఆ నెలలో గీత పాతాళానికి పోయింది. మేడమ్ ఆ గుంత గురించి చాలా ఆలోచించారు. గాలి మళ్ళుతుంది, నీటి వేడి మారుతుంది, అందుకని చేపలు లోతుకు తరలిపోతాయి అని తేల్చి, బాణం గుర్తులు గీసి మరీ పాఠం చెప్పారు. మేము బట్టీ పట్టాం.

మరుసటి ఏడు దసరా సెలవుల తర్వాత పరిశీలకులు వస్తారని తెలిసింది. పెరటాసి ఇంకా మొదలు కాలేదు. వాళ్ళడిగితే ఎవరేం చెప్పాలో మేడమ్ అప్పజెప్పించుకుంటున్నారు. గుంత నా వంతు. గాలి మళ్ళడం, నీటి వేడి, లోతుకు పోవడం అంతా గడగడా చెప్పి కూర్చున్నాను. వెనక బెంచీ నుంచి రజియా లేచింది.

"మేడమ్, సేపలకి గూడా పెరటాసి ఉంటాదా?"

"అంటే?"

"ఆ నెలంతా మా వీధి సేపలామె అంగడి కట్టేసి పుట్టింటికి పోతాది మేడమ్. ఊర్లో అందరూ నీసు మానేస్తారు గదా, కొనేదెవరు? రైల్లో బుట్టలే దిగవు. మా ఇంట్లో మాకే దొరకవు."

"మరి ఏడాదిగా చెప్పలేదేమే?" అన్నాను నేను, ఉక్రోషంతో. "మీరంతా గాలి, నీళ్ళు అని సెప్తా ఉంటే, అది గూడా నిజమేమో అనుకున్నా" అంది అది అమాయకంగా. మేడమ్ స్టూలు మీద కూలబడ్డారు. తర్వాత నవ్వడం మొదలుపెట్టారు. కళ్ళ నీళ్ళొచ్చి, తడిచేత్తో తుడుచుకుంటే శ్రీచూర్ణం బుగ్గ దాకా అంటుకుంది. "తప్పు దొరికిందంటే పండగేనమ్మా, పండగ!" అని తన డబ్బాలోని చక్రపొంగలి తీసి రజియా చేతిలో పెట్టారు. సముద్రం ముఖం చూడకుండా, మా ఊరి భక్తిని చేపల నెత్తిన వేసిన ఘనత ప్రపంచంలో మాకొక్కరికే దక్కి ఉంటుంది.

నవ్వు అయ్యాక భయం పట్టుకుంది. మా సెక్షన్ నిలవాలంటే ఉన్నది ఆ గోడ కాగితం ఒక్కటే. అందులో నడిమధ్య అబద్ధం. ఆ నెల కత్తిరించి పారేయమన్నారు ప్రిన్సిపాల్ గారు. మేడమ్ ఒప్పుకోలేదు. "పోయి సూసొస్తాం. పెరటాసిలోనే పోతాం" అన్నారు.

అనడం సులువే. అది బ్రహ్మోత్సవాల నెల. గుడి సేవలో ఉన్న ఇంటి కోడలు వంటింట్లోంచి తల పైకెత్తడానికి తీరిక దొరకని నెల. ఇక మా ఇళ్ళ సంగతి సరేసరి. మా అవ్వ గుండెలు బాదుకుంది. "పెరటాసిలో సేపల కాడికి పోతారా? ఈళ్ళకేం పుట్టిందే!" మేడమ్ మా ఇంటికొచ్చి, అవ్వ తిట్లన్నీ ఓపికగా విని, "అవ్వా, నేను మా ఇంట్లో ఇంకా అడగలేదు. మా మామగారు సరే అంటే నీ మనవరాలిని పంపిస్తావా?" అన్నారు. ఆ పెద్దమనిషి చచ్చినా ఒప్పుకోడని అవ్వకు ధీమా. "ఆయప్ప ఒప్పుకొంటే నేనే వచ్చి బస్సెక్కిస్తా పో" అనేసింది.

మామగారు పారాయణం ముగించుకొని ఇంటికొచ్చిన వేళ చూసి అడిగారట మేడమ్. ఆయన ఎదురు ప్రశ్న వేశారట. ఆ మాటలు మేడమ్ మాకు ఎన్నిసార్లు చెప్పారో, నాకు పక్కనుండి విన్నట్టే గుర్తు.

"నాగలాపురం గుడికి పోయినావు గదా. ఆడ స్వామికి నడుం కింద ఏముండాది?"

"చేప, మామగారూ."

"వేదాల కోసం సముద్రంలో దిగినప్పుడు స్వామి పెరటాసా, మార్గశిరమా అని సూసుకొని దిగినాడా? పోయిరా." మేడమ్ లేవబోతుంటే ఆయన మళ్ళీ పిలిచారట. "బీరువాలో దాచుకొన్న ఆ చీర ఇంక ఇంటికే తెచ్చుకో. బాయికాడ ఉతుక్కుందువు. రోజూ చింతపండు దండగ."

పెరటాసి రెండో శనివారం. బ్రహ్మోత్సవాలకు కాలేజీకి సెలవు. తెల్లవారి మొదటి బస్సు. అవ్వ మాట తప్పలేదు. ముఖం గంటు పెట్టుకొనే బస్టాండుకొచ్చి, మాకందరికీ సరిపడా పులిహోర కట్టిచ్చింది. వడమాలపేట, పుత్తూరు, నాగలాపురం, సత్యవేడు దాటి, ఇంకో బస్సు మారి, సముద్రపు పాయ ఉప్పుకయ్యలో పడవెక్కి ఇసుక తిన్నెల అవతల దిగాం. మాలో సగం మంది సముద్రాన్ని చూడడం అదే మొదలు. చూస్తూ నిలబడే తీరిక మేడమ్ ఇవ్వలేదు. ఒడ్డున పెద్దవల లాగుతున్నారు. రెండు వరసల్లో మనుషులు, ఆడా మగా, మోకులు పట్టుకొని కేకలేస్తూ వెనక్కి నడుస్తున్నారు. మేడమ్ చేపల చీర కుచ్చిళ్ళు దోపుకొని, అడగకుండానే పోయి ఒక మోకు పట్టుకున్నారు. ఆవిడ వెనక రజియా, దాని వెనక మేము. అరచేతులు మంటెత్తాయి.

వల సంచి నీళ్ళలోంచి పైకొచ్చేటప్పుడు ముందు నురగ అనుకున్నాను. నురగ కాదు. కవళ్ళు. ఇసుకమీద ఎంత మేర పరిచారో అంత మేరా వెండి. మేడమ్ మోకాళ్ళ మీద కూర్చొని ఒకదాని పొట్ట కోశారు. నిండా గుడ్లు. ఇంకోటి కోశారు. అందులోనూ గుడ్లే. వేళ్ళమీద ఆ గుడ్లు పెట్టుకొని మావైపు తిరిగి, ఆనందం పట్టలేక అరిచారు. "సూడండమ్మా! మనం ఉపాసముంటే సముద్రం గూడా ఉపాసముంటాదా!" నా జీవితంలో అంత సంతోషంగా ఓడిపోయిన మనిషిని మళ్ళీ చూడలేదు. ఓడిపోవడం ఏమిటి, అంతకు మించిన గెలుపు ఏముంటుంది?

తిరుగు బస్సు నిండా తిరుపతి యాత్రికులు, పసుపు బట్టలు, గోవిందలు. మా సీసాల మూతలు ఎంత బిగించినా వాసన దాగలేదు. గొణుగుళ్ళు మొదలయ్యాయి. నాగలాపురంలో బస్సాగగానే కండక్టరు మా దగ్గరికొచ్చాడు. "పెరటాసి శనివారం పూట సేపలేందమ్మా? దిగండి, దిగండి." మేడమ్ సీసా ఎత్తి గోపురం వైపు చూపించారు. "ఈ గుళ్ళో స్వామిని గూడా దిగమంటావా నాయనా?" అన్నారు. ముందు సీటులో ఒక ముసలాయన వెనక్కి తిరిగి సీసాకు దండం పెట్టి, "గోవిందా!" అని గట్టిగా అరిచాడు. బస్సంతా అందుకుంది. కండక్టరు నవ్వాపుకొంటూ రైట్ రైట్ అన్నాడు.

ఒక్కరోజు చూసి గీత గీయడానికి మేడమ్ ఒప్పుకోలేదు. ఆ నెల మిగిలిన వారాలూ వంతులవారీగా వెళ్ళాం. మా అవ్వ ఇక నోరెత్తలేదు, పులిహోర మాత్రం మానలేదు. నల్లగీత గుంత అలాగే ఉంచి, దానిపైన గుంతకు వంతెన వేసినట్టు ఎర్రగీత గీశారు మేడమ్. పరిశీలకుల్లో పెద్దాయన కళ్ళద్దాలు సర్దుకుని, తప్పు గీతను చెరిపేయకుండా ఎందుకుంచారని అడిగారు. "నల్లగీత తిరుపతి మనుషులది సార్. ఎర్రగీత చేపలది. ఒకటి చెరిపేస్తే రెండోది అర్థం కాదు" అన్నారు మేడమ్. కనిపెట్టిందెవరంటే రజియాను ముందుకు తోశారు. ఆయన చాలాసేపు గోడ ముందే నిలబడి, ఆ కాగితానికి నకలు తీసి తమ విభాగానికి పంపమన్నారు. మా జువాలజీ నిలిచింది. ఆ రోజు కారిడార్లో మేము వేసిన కేకలకు పక్క క్లాసులు వదిలేశారు. అక్కడ చదివిన ఆడపిల్లలు ఇవాళ పలమనేరు నుంచి కాళహస్తి దాకా బళ్ళలో, కాలేజీల్లో చేపల పాఠం చెబుతున్నారు. నేనూ చెబుతున్నాను. ఎవరైనా కోసిన చేప తెస్తే, పుస్తకం పారేసి అట్ట తెచ్చావంటాను.

ఆ శనివారమే మేమిద్దరం మేడమ్ ఇంటికి వెళ్ళి చూసి వచ్చాం. మనిషి నిద్రపోతున్నట్టే ఉన్నారు. పెరట్లో బావి దగ్గర తీగమీద ఒక పాత నేత చీర ఆరేసి ఉంది. మొన్న ఉతికారట. ఎవరూ తీయలేదు.

తిరిగి వచ్చేటప్పుడు చేపల మార్కెట్టు మీదుగా నడిచాం. అంగళ్ళన్నీ కట్టేశారు. రాతి బల్లలు కడిగి ఎండిపోయి ఉన్నాయి, ఒకదానిమీద పిల్లి పడుకుంది. "ఒక్కటి గూడా లేదు" అంది రజియా. ఇద్దరం ఆ ఖాళీ బల్లల ముందు నిలబడిపోయాం. ఎండ నడినెత్తికొచ్చింది. ఈపాటికి అక్కడ వల ఒడ్డుకు చేరుతూ ఉంటుంది.